స్టేషనత్త మూడు టిక్కులు

ఆ వీధిలో స్టేషనత్తను ఎరగనివాళ్లు లేరు. కొత్తగా అద్దెకు దిగినవాళ్లు మాత్రం మొదట్లో కాస్త బెదిరేవారు. స్టేషనంటే పోలీసు స్టేషనే అనుకుని, ఆమె నడిచి వస్తుంటే గొడవ సగంలో ఆపేసి నవ్వు మొహాలు పెట్టేవారు. ఆమె భర్త, బస్సు కండక్టరుగా చేసి రిటైరైనాయన, ఆ పొరపాటును ఏనాడూ సరిదిద్దలేదు. "ఉండనీవే, మన గుమ్మానికి అడ్డంగా బండ్లు పెట్టడం మానేశారు" అనేవాడు.

నిజానికి ఆవిడ స్టేషనులో దొంగలూ లేరు, లాకప్పూ లేదు. ఊరి చివర, సముద్రానికి దగ్గరగా ఒక గడ్డి మైదానం. అందులో రెండు పొడుగాటి ఇనుప స్తంభాలు, వాటి మధ్య లాగి కట్టిన తీగలు, కింద రెండు గదుల కట్టడం. అది విమానాలకు దారి చూపే రేడియో బీకన్. ఎవరు విన్నా వినకపోయినా తన పేరు తానే ఆకాశానికి చెప్పుకుంటూ ఉంటుంది. పేరంటే రెండక్షరాలే. అవీ నోటితో పలికేవి కావు, చుక్కలూ గీతలూ. డా-డి-డిట్, డి-డా. పది సెకన్లు ఆగి మళ్లీ డా-డి-డిట్, డి-డా. పైలట్ ఆ స్టేషను పట్టుకుంటే విమానంలోని డయల్లో ముల్లు తిరిగి ఆ స్తంభాల వైపు చూపిస్తుంది. మబ్బులో కింద ఏమీ కనపడకపోయినా ఆ ముల్లు పట్టుకుని రావచ్చు.

కానీ ముల్లొక్కటే చాలదు. ముల్లు ఏ వైపైనా చూపించగలదు, దానికేం పోయింది? పేరు చెవిన పడితేనే ముల్లును నమ్మాలి. స్టేషనులో ఏదైనా రిపేరు మొదలుపెడితే ముందుగా తీసేసేది పేరునే. పేరు రావడం లేదంటే, "నేనిప్పుడు ఒంట్లో బాగోలేను, నా మాట వినకండి" అని స్టేషను చెప్పుకుంటున్నట్టు లెక్క. స్టేషనత్త ఇరవై ఆరేళ్ల వయసులో ఉద్యోగంలో చేరిన మొదటి రోజున అప్పటి సూపర్‌వైజరు ఆమెకు నేర్పిన మొదటి పాఠం ఇదే: పేరు చెప్పనివాడి వెంట పోకూడదు. ఆమె ఆ మాటను ఎంత గట్టిగా పట్టుకుందంటే, ఇంటికి ఫోన్ చేసి పేరు చెప్పకుండా "బావున్నారా?" అని మొదలుపెట్టినవాళ్ల ఫోను సొంత మరిదిదైనా సరే టక్కున పెట్టేసేది.

ఉపగ్రహాలొచ్చాక ఆ స్టేషను పరువు అటకెక్కింది. అరచేతిలో ఫోను దారి చెబుతుంటే ఇనుప స్తంభాలెందుకని పెద్ద ఆఫీసువాళ్లు నాలుగేళ్లుగా దాన్ని మూసేయాలని చూస్తున్నారు. కానీ ఉపగ్రహం మాట మహా నీరసం. అంత పైనుంచి కిందికి వచ్చేసరికి సంతలో గుసగుసంత మిగులుతుంది. యజమానికి తన లారీ ఎక్కడుందో తెలియకూడదని ఒక డ్రైవరు సిగ్నల్‌ను చెడగొట్టే సిగరెట్ పెట్టంత జామరు జేబులో వేసుకుని వెళ్తే చాలు, పైన విమానంలో మ్యాపు మాయం. అలాంటప్పుడు పనికొచ్చేది ఈ ముసలి స్టేషనే. ఈ సంగతి నాలుగేళ్లుగా ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తూ పైవాళ్లకు నచ్చజెబుతున్నవాడు ఇన్‌ఛార్జి ఇంజినీరు. మనిషి మంచివాడే. కాకపోతే స్టేషనును కాపాడే పనిలో పడి స్టేషనెందుకుందో అప్పుడప్పుడు మరిచిపోతుంటాడు.

స్టేషనత్త రిటైర్మెంటుకు ఇంకా ఎనిమిది నెలలుంది. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసులో ఒక్క మెమో లేదు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పుకునేది కాదు గాని, ఎవరైనా అడిగితే బావుణ్ణని మాత్రం ఉండేది.

ఆ నెలలో స్టేషనులో అలారం పెట్టె చెడింది. పేరు ఆగిపోతే గంట కొట్టే పెట్టె అది. రిపేరుకు పంపితే తొమ్మిది రోజులన్నారు. ఆ తొమ్మిది రోజులూ గంటకోసారి స్పీకరు పెంచి, పేరు చెవులారా విని, లాగ్ బుక్కులో టిక్కు పెట్టాలని ఇంజినీరు ఆర్డరిచ్చాడు. అంటే ఆ తొమ్మిది రోజులూ అలారం పెట్టె ఆమె చెవే. స్టేషనత్త నవ్వింది. పేరు వినమని ఆమెకు చెప్పడం చేపకు ఈత నేర్పడం లాంటిది. ఇంట్లో కూరగాయలు తరుగుతుంటే కత్తి కూడా డా-డి-డిట్, డి-డా అనే పడేది. "ఈ ఇంట్లో వంకాయలు కూడా మీ స్టేషను పేరే చెబుతాయే" అని భర్త వేళాకోళమాడేవాడు.

ఆరో రోజున ఉదయం ఎనిమిదికీ తొమ్మిదికీ పదికీ మూడు టిక్కులు పెట్టింది. పదీ ఇరవైకి డీజిలన్న వారానికోసారి చేసే జనరేటరు పరీక్ష చేశాడు. డీజిలన్న అంటే అక్కడి జనరేటరు ఆపరేటరు. పందొమ్మిదేళ్లుగా పక్క గదిలో ఉంటున్నాడు, ఆమెను చెల్లెమ్మా అంటాడు. కరెంటు ఒక్క క్షణం పోయి వచ్చింది. ట్రాన్స్‌మిటర్ ఆగి మళ్లీ మొదలైంది. అంతా మామూలే.

మామూలు కాదని రెండు రోజుల తర్వాత తెలిసింది. ఆ ఉదయం, ఆ మూడు టిక్కుల వేళలోనే, పెద్ద నగరం నుంచి దీవులకు వెళ్లే చిన్న విమానం దట్టమైన మబ్బులో ఉండగా మ్యాపు పోయిందట. పైలట్ ఈ స్టేషను పట్టుకుంటే ముల్లు తిరిగిందట గాని పేరు వినపడలేదట. పావుగంట విని, వినపడక, విమానాన్ని వెనక్కి తిప్పేసింది. అందులో నెలకోసారి దీవులకు వెళ్లే కళ్ల డాక్టరున్నాడు. అక్కడ నలభై మంది కళ్లలో చుక్కలు వేయించుకుని మధ్యాహ్నం దాకా కూర్చుని, మసక కళ్లతో తడుముకుంటూ ఇళ్లకు పోయారు. దీవులవాళ్లు గగ్గోలు పెట్టారు. కంపెనీవాళ్లు స్టేషనును అడిగారు. ఇంజినీరు లాగ్ బుక్కు ఫొటో తీసి పంపాడు: ఎనిమిది, తొమ్మిది, పది, మూడు టిక్కులు, కింద సంతకం. దాంతో పైలట్‌ను విమానం ఎక్కనివ్వకుండా కూర్చోబెట్టారు. కారణం లేకుండా వెనక్కి తిరిగిందని రాస్తే ఆ అమ్మాయి ఉద్యోగం పోయినట్టే.

ఇంజినీరు ఫోన్ చేసి, "మీరు నిశ్చింతగా ఉండండి మేడమ్. మీ ముప్పై ఏళ్ల మాట ముందు రెండేళ్ల పైలట్ మాట ఎంత? పైగా మంగళవారం కమిటీ వస్తోంది, స్టేషను ఉంచాలా మూసేయాలా తేల్చడానికి. ఇప్పుడు మన లాగ్ బుక్కు మీద మచ్చ పడకూడదు" అన్నాడు. ఆ ఫోను సరిగా వినపడక స్టేషనత్త స్పీకరు నాబ్ పూర్తిగా తగ్గించి మాట్లాడింది.

ఆమె ఫోన్ పెట్టేసేసరికి గుమ్మంలో ఒక అమ్మాయి నిలబడి ఉంది. ఇరవై ఏడో ఎనిమిదో ఉంటాయి. రెండు గంటలు బస్సులో వచ్చిన బడలిక మొహంలో కనపడుతోంది.

"నేనేనండీ, ఆ రోజు వెనక్కి తిప్పిన పైలట్‌ని."

స్టేషనత్తకు ముందు ఒళ్లు మండింది. తన టిక్కును కాదన్న మనిషి తన గుమ్మంలోకే వచ్చింది! కానీ ఇంటికొచ్చినవాళ్లను నిలబెట్టి మాట్లాడటం ఆమెకు చేతకాదు. కుర్చీ వేసి ఫ్లాస్కులో టీ పోసిచ్చింది.

"గొడవ పెట్టుకోడానికి రాలేదండీ" అంది ఆ అమ్మాయి. "ఒక్క మాట అడిగి పోదామని. మీరు నిజంగా విన్నారా?"

"విన్నానమ్మా. ఈ చెవులతోనే."

"నేను పావుగంట విన్నానండీ. హెడ్‌ఫోన్స్ నొక్కి పట్టుకుని మరీ విన్నాను. ముల్లు చూస్తే సరిగ్గానే ఉంది. పక్కన డాక్టరుగారు గడియారం చూసుకుంటున్నారు. వెళ్లిపోదామా అనిపించింది కూడా. కానీ పేరు లేకుండా..."

"పేరు లేకుండా పోకూడదు. అది నువ్వు చేసింది కరెక్టే" అంది స్టేషనత్త. "కానీ పేరుంది తల్లీ. ఎప్పుడూ ఉంది. ఇదిగో, ఇప్పుడు కూడా వస్తోంది చూడు." వేలితో బల్ల మీద కొట్టి చూపించింది. డా-డి-డిట్, డి-డా.

పైలట్ తల వంచి చెవి పెట్టింది. "నాకేం వినపడటం లేదండీ."

"ఫ్యాను మోతలో కలిసిపోతుంది. ఆగు, మళ్లీ వస్తుంది... ఇదిగో."

"లేదండీ."

"రోజంతా ఆ ఇంజను పక్కన కూర్చుంటే చెవులేం మిగులుతాయమ్మా! ఒకసారి మంచి డాక్టరుకి చూపించుకో" అంది స్టేషనత్త, కాస్త వేళాకోళంగా, కాస్త జాలిగా.

పైలట్ నవ్వలేదు. చేతిలో టీ గ్లాసు అలాగే పట్టుకుని స్పీకరు వైపు చూసింది. తర్వాత చిన్న గొంతుతో, "అయితే తప్పు నాదేనేమోనండీ. ఎదురుగా కూర్చుని కూడా వినలేకపోతున్నాను. చూపించుకుంటాను. ఒకవేళ చెవులే పాడైతే వాళ్లు తీసెయ్యక ముందే నేనే మానేస్తాను. మనుషుల్ని ఎక్కించుకుని తిరిగే పని కదా" అంది. టీ తాగి, గ్లాసు తానే కడిగిపెట్టి, నమస్కారం పెట్టి వెళ్లిపోయింది.

పన్నెండు కొట్టింది. టిక్కు పెట్టే వేళ. స్టేషనత్త స్పీకరు పెంచుదామని నాబ్ మీద చెయ్యి వేసింది. నాబ్ సున్నా దగ్గరుంది.

ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఇంజినీరు ఫోనప్పుడు తగ్గించింది, మళ్లీ పెంచలేదు. అంటే ఆ పిల్ల ఉన్నంతసేపూ స్పీకరు మూగగానే ఉంది. మరి తను విన్నదేమిటి?

స్టేషనత్త డీజిలన్నను పిలిచింది. గాలిలోకి ఏమీ పంపకుండా లోపలే పరీక్ష చేసుకోవడానికి ఒక స్పేరు ట్రాన్స్‌మిటర్ సెట్టుంది. దాన్ని స్పీకరుకు కలిపింది. పేరును ఆపే స్విచ్చు అతనికి చూపించింది.

"అన్నయ్యా, నేను అటు తిరిగి కూర్చుంటాను. నువ్వు నీ ఇష్టం వచ్చినప్పుడు పేరు ఆపు, ఇష్టం వచ్చినప్పుడు పెట్టు. నాకు చెప్పొద్దు. వినపడినప్పుడల్లా నేను చెయ్యెత్తుతాను."

"ఇదేం ఆటే చెల్లెమ్మా, ఈ వయసులో?"

"ఆటే అనుకో. కానీ మొహమాటపడకు."

ఆమె కిటికీ వైపు తిరిగి కళ్లు మూసుకుంది. ఫ్యాను తిరుగుతోంది. సెట్టు సన్నగా హోరుమంటోంది. పేరు వచ్చింది, చెయ్యెత్తింది. మళ్లీ వచ్చింది, మళ్లీ ఎత్తింది. బడిలో హాజరు పలికే పిల్లలాగా శ్రద్ధగా, ఒక్కటీ వదలకుండా ఎత్తుతూనే ఉంది. కాసేపటికి వెనక డీజిలన్న గొంతు సవరించుకున్నాడు.

"చాలు చెల్లెమ్మా, చెయ్యి దించు."

"ఇంకా కొంచెం చూద్దాం అన్నయ్యా. స్విచ్చు నువ్వసలు ముట్టుకోనట్టున్నావే?"

"నేను పేరు ఆపేసి ఐదు నిమిషాలైందమ్మా" అన్నాడు డీజిలన్న.

స్టేషనత్త చెయ్యి దించలేదు. గాలిలో అలాగే ఉండిపోయింది. కాసేపటికి దాన్ని ఒళ్లోకి తెచ్చుకుని, అది వేరే ఎవరిదో అన్నట్టు చూసుకుంది. తల కొట్టేసినట్టయింది. ఆ రోజు మూడు టిక్కులూ ఇలా పెట్టినవేనా?

అయినా ఇంకో సందేహం మిగిలింది. చెవి మోసం చేయవచ్చు గాని, ఆ రోజు పేరు నిజంగా ఆగిందని రుజువేమిటి? చెప్పాల్సినవాళ్లకు ఫోన్లో చెప్పి, అసలు సెట్టు ఆపి, పేరు తయారు చేసే సర్క్యూట్ కార్డు బయటికి లాగింది. భూతద్దం పెట్టి ఒక్కొక్క టంకమే చూసుకుంటూ పోయింది. మూలన ఒకచోట టంకం చుట్టూ వెంట్రుకంత పగులు. పెన్సిలుతో తడితే పేరు పోతోంది, సెట్టు ఆపి మళ్లీ పెడితే వస్తోంది. ఆ రోజు జనరేటరు పరీక్షకు సెట్టు ఆగి మొదలైనప్పుడు పేరు తిరిగొచ్చి ఉంటుంది. పైలట్ చెప్పింది అక్షరాలా నిజం. స్టేషనత్త పగులుకు కొత్త టంకం వేసింది.

సాయంత్రం ఇంటికెళ్లి కూరగాయల ముందు కూర్చుంది గాని కత్తి ఆడలేదు. భర్త పక్కన పీట వేసుకున్నాడు. ఆమె అంతా చెప్పింది.

"నేను అబద్ధం రాశానా?" అని అడిగింది.

కండక్టరు పీట దగ్గరికి జరుపుకున్నాడు. "నా సర్వీసు చివరి ఏడాది వంతెన దగ్గర స్టాపు తీసేశారు, గుర్తుందా? ముప్పై ఏళ్లు అరిచిన నోరు. ఒకరోజు అలవాటుగా అరిచాను, వంతెన, వంతెన, దిగండి అని. డ్రైవరు సిగ్నల్ దగ్గర ఆపితే ఒక ముసలాయన నా మాట విని దిగిపోయాడు. వర్షం. వెనక అద్దంలోంచి చూస్తే అటూ ఇటూ వెతుక్కుంటున్నాడు పాపం. నేను అబద్ధం చెప్పలేదే. కానీ దిగినవాడికి తేడా ఏముంది?"

ఆమె ఆయన వైపు తిరిగింది. "ఇన్నేళ్లలో నాకీ సంగతి చెప్పలేదేం?"

"సిగ్గేసింది" అన్నాడాయన. కత్తి తన చేతిలోకి తీసుకుని బీరకాయ తరగడం మొదలుపెట్టాడు. ముక్కలు ఎగుడుదిగుడుగా పడ్డాయి.

మర్నాడు పొద్దున్నే స్టేషనత్త లాగ్ బుక్కు తెరిచింది. అక్కడ చెరపడం నిషేధం. తప్పు రాస్తే దాని మీదుగా ఒక్కటే గీత గీయాలి, కింద ఉన్నది కనపడుతూనే ఉండాలి, పక్కన సంతకం చేయాలి. మూడు టిక్కుల మీదా మూడు గీతలు గీసింది. పక్కన ఇలా రాసింది: "ఆ సమయంలో పేరు లేదు. అలవాటు వల్ల విన్నాననుకున్నాను. కార్డులో పగులు ఉంది, సరిచేశాను. పైలట్ చెప్పింది నిజం." సంతకం చేసి, ఆ పేజీ ఫొటో తీసి, ముందు విమానాల కంపెనీకి పంపింది. ఇంజినీరుకు తర్వాత పంపింది. ముందు ఆయనకు పంపితే ఏమవుతుందో ఆమెకు తెలుసు.

అరగంటలో ఆయన జీపు వచ్చి ఆగింది.

"ఎంత పని చేశారు మేడమ్! నాలుగేళ్లుగా ఒక్కొక్క ఇటుకా పేర్చి గోడ కట్టాను. మూడు గీతలతో పడగొట్టేశారు. పగులు సరిచేశారుగా, ఊరుకుంటే పోయేదిగా!"

"ఊరుకుంటే ఆ పిల్ల మానేసేది సార్."

"స్టేషను మూసేస్తే?"

"మూస్తే మూయనీయండి. పేరు తప్పు చెప్పే స్టేషను కంటే మూసిన స్టేషనే నయం." అనేసింది గాని, అంటుంటే ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ముప్పై ఒక్క ఏళ్లు పొద్దున్నే వచ్చి తాళం తీసిన తలుపు మరి. ఇంజినీరు ఆ నీళ్లు చూసి మెల్లగా వెళ్లి జీపెక్కాడు.

మంగళవారం కమిటీ వచ్చింది, ముగ్గురు. వాళ్లలో పెద్దాయన కళ్లజోడు నుదుటికెత్తి ఆ పేజీని రెండుసార్లు చదివాడు. "ముప్పై ఒక్క ఏళ్ల బుక్కుల్లో ఇలాంటి టిక్కులు ఇంకెన్ని ఉంటాయమ్మా?"

"తెలియదు సార్. ఆ రోజు నుంచి నాకు నిద్ర లేనిది దానికే" అంది స్టేషనత్త. "కానీ ఇకముందు పడకుండా ఒక పద్ధతి చెప్తాను వినండి. పేరు వినే ముందు స్పేరు సెట్టులో పేరు ఆపేసి, ఒక నిమిషం ఖాళీ హోరు వినాలి. ఖాళీ ఎలా ఉంటుందో చెవికి గుర్తు చేసి, అప్పుడు అసలుది వినాలి. ఖాళీలో కూడా పేరు వినపడినవాళ్లని ఆ పూట కుర్చీలోంచి లేపేయాలి. ముందు నన్నే లేపండి."

డీజిలన్న గుమ్మం దగ్గర నిలబడి నేల చూపులు చూస్తున్నాడు. కమిటీవాళ్లు ఆ పద్ధతిని కాగితం మీద రాసుకుని వెళ్లిపోయారు.

మూడు వారాలకు ఉత్తరం వచ్చింది. స్టేషనును ఐదేళ్లు ఉంచుతారట. ఉపగ్రహం పోయిన రోజున, స్టేషను కూడా చెడిన రోజున, పేరు లేదన్న ఒక్క కారణంతో విమానం క్షేమంగా వెనక్కి వచ్చింది గనక ఆ పాత పద్ధతి పనికొచ్చేదేనని రాశారు. అలారం పెట్టె తిరిగొచ్చినా గంటకోసారి చెవితో వినడం మానొద్దన్నారు, స్టేషనత్త చెప్పిన ఖాళీ నిమిషాన్ని నియమంగా పెట్టారు. అదే కవరులో ఆమె పేరు మీద ఒక మెమో కూడా ఉంది, వినకుండా విన్నట్టు రాసినందుకు. ముప్పై ఒక్క ఏళ్లలో మొదటిది. వినే డ్యూటీ నుంచి కూడా ఆమెను తప్పించారు. డీజిలన్న వింటాడు, ఆమె టంకాలు చూసుకుంటుంది. మెమో మీద సంతకం పెట్టిన రోజున ఆమె అన్నం సరిగా తినలేదు. ఆ సంగతి దాచాల్సిన పని లేదు. మెమో లేని మనిషిగా ఇంటికి వెళ్లాలని ఆమెకు ఎంతో ఉండేది.

రిటైరయ్యే రోజున పొద్దున ఊరిమీద మబ్బు కమ్మింది. స్తంభాల చివర్లు కూడా కనపడటం లేదు. పైన ఎక్కడో చిన్న విమానం మోత వినిపించి, దీవుల వైపు మళ్లి, సన్నబడిపోయింది. స్టేషనత్త తల ఎత్తలేదు. బీరువా తాళాలు డీజిలన్నకు లెక్కపెట్టి అప్పజెబుతోంది. ముప్పావుగంటకు ల్యాండ్‌లైను మోగింది.

"బావున్నారా అత్తా?"

పేరు చెప్పకుండా మొదలుపెట్టిన ఫోను. పెట్టేయబోయి, గొంతు గుర్తుపట్టి ఆగింది స్టేషనత్త.

"దీవుల నుంచి మాట్లాడుతున్నానండీ. డాక్టరుగారిని దింపేశాను. ఇవాళ దారిలో మ్యాపు మళ్లీ పోయింది. పదకొండు నిమిషాలు మీ స్టేషను మీదే వచ్చాను."

స్టేషనత్త తాళాలు బల్ల మీద పెట్టేసింది. "పేరు విన్నావా?"

"విన్నానత్తా."

"నిజంగా విన్నావా? అలవాటుగా విన్నావా?"

అటువైపు ఆ అమ్మాయి నవ్వింది. "నాకింకా అలవాటు కాలేదత్తా. ప్రతిసారీ భయపడుతూనే వింటాను."

"అలాగే ఉండు తల్లీ" అంది స్టేషనత్త. "రిటైరయ్యేదాకా అలాగే ఉండు."